శకునం చెప్పే పక్షి : పాతబస్తీ చిలక జోస్యంపై ఒక నైతిక పరిశీలన

పాతబస్తీలో ఇరానీ చాయ్ తాగినవారి కప్పులో చివరికి మిగిలేది ఏమీ ఉండదు. మూత బిగించిన పాత్రలో చాలాసేపు మరిగిన డికాక్షన్‌ను వడగట్టి, విడిగా కాచి చిక్కబరచిన పాలతో కప్పులోనే కలుపుతారు. ఆకు నలుసు కూడా కప్పులోకి దిగదు. టర్కీలోనూ అరబ్బు దేశాలలోనూ కాఫీ మడ్డిని చూసి, ఐరోపాలో తేయాకు పిప్పిని చూసి భవిష్యత్తు చెప్పే అలవాటు ఉన్నా, చాయ్‌ని నిత్యజీవితంలో ఇంతగా కలుపుకొన్న ఈ నగరంలో అటువంటి విద్య పుట్టకపోవడానికి ఈ వడపోత ఒక్కటే చాలిన కారణం కావచ్చు. చదవడానికి కప్పులో ఏదైనా మిగలాలి కదా! అయితే భవిష్యత్తును చదివించుకోవాలన్న కోరిక మాత్రం ఇక్కడి మనుషులలో తక్కువేమీ కాదు. చాయ్ తాగి చార్మినార్ వైపు నడిచేవారికి కాలిబాట మీద పరచిన గుడ్డ, దానిపై వరుసగా పేర్చిన కార్డులు, పక్కనే చిన్న పంజరం కనిపించడం ఈ ప్రాంతపు పాత దృశ్యం. అడిగేవారి పేరు చెప్పగానే జోస్యుడు పంజరం తలుపు తీస్తాడు. చిలక బయటకు వచ్చి, ముక్కుతో కార్డులను ఒక్కొక్కటిగా పక్కకు లాగి, ఒకదాన్ని అందించి, గింజ తీసుకొని తనంతట తానే పంజరంలోకి వెళ్లిపోతుంది. జోస్యుడు కార్డులోని బొమ్మను చూపి ఫలం చెబుతాడు.

ఈ దృశ్యాన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో పక్కకు నెట్టడం సులభం. జానపద కళగా మెచ్చుకొని భద్రపరచాలనడం అంతకన్నా సులభం. రెండు వైఖరులూ అసలు ప్రశ్నను తప్పించుకుంటాయి. తనకు తెలియని విషయాన్ని తెలిసినట్లుగా చెప్పి, ఎదుటి మనిషికి ధైర్యం కలిగించడం తప్పా? తప్పయితే ఆ తప్పు ఎక్కడ ఉంది? చెప్పిన మాటలోనా, దానికి తీసుకొన్న డబ్బులోనా, విన్నవారు దానితో చేసిన పనిలోనా? ఈ వ్యాసం పరిశీలించేది ఈ ప్రశ్ననే. పరిశీలన సాగేకొద్దీ, మొదట గుర్తుకురాని నాలుగో చోటు కూడా ఒకటి ఎదురవుతుంది.

ఎరుక, సోది, శకునం

భవిష్యత్ కథనానికి తెలుగులో ఉన్న మాటలే ఒక వివాదాన్ని మోస్తున్నాయి. జ్యోతిషం నుంచి వచ్చిన జోస్యం గ్రంథ పరిజ్ఞానాన్ని సూచిస్తుంది. సోది అంటే ఎరుకల స్త్రీ చెప్పే భవిష్యత్తు. నేటి వాడుకలో అదే మాటకు పనికిమాలిన సాగదీత అనే అర్థం స్థిరపడింది. ఒక విద్య మీద సమాజానికి గౌరవం పోయిన తీరును నిఘంటువు ఇంత స్పష్టంగా నమోదు చేసిన సందర్భాలు తక్కువ. ఎరుక అన్న మాట కథ వేరు. ఎరుక అంటే తెలివిడి, జ్ఞానం. తెలంగాణలో 'ఎరుకేనా?' అంటే 'తెలుసా?' అని. ఎరుక చెప్పడం అంటే జోస్యం చెప్పడం. అచల సిద్ధాంతంలోనైతే ఎరుక అనేది దాటవలసిన భ్రాంతి, బయలొక్కటే సత్యం. ఒకే మాట జ్ఞానాన్నీ, జోస్యాన్నీ, భ్రాంతినీ సూచించడం యాదృచ్ఛికమే అయినా ఈ చర్చకు అది తగిన ప్రవేశద్వారం.

శకునం మరీ ఆసక్తికరమైనది. సంస్కృతంలో శకునమంటే మొదట పక్షి. పక్షి ఎగిరిన దిక్కు, కూసిన కూత, వాలిన చోటు మేలుకీడులను సూచిస్తాయన్న నమ్మకం నుంచి ఆ మాటకు నిమిత్తం అనే అర్థం వచ్చింది. వరాహమిహిరుని బృహత్సంహితలో శకునాలకు విస్తారమైన స్థానం ఉంది. అక్కడి పక్షి తన ఇష్టం వచ్చిన దిక్కుకు ఎగరగలిగినది. ఏ దిక్కుకు ఎగురుతుందో ముందుగా తెలియదు కాబట్టే ఎగిరిన దిక్కుకు అర్థం వచ్చింది. కాలిబాట మీది చిలక సంగతి దీనికి పూర్తిగా భిన్నం. ఈ భేదం దగ్గరికి మళ్లీ రావలసి ఉంటుంది.

పొగ, నిప్పు, కార్డు

న్యాయశాస్త్రంలో అనుమాన ప్రమాణానికి అందరూ చెప్పే ఉదాహరణ పర్వతం మీది పొగ. పొగను చూసి నిప్పు ఉందని చెప్పగలగడానికి పొగ ఎక్కడ ఉంటే నిప్పు అక్కడ ఉంటుందన్న వ్యాప్తి ఆధారం. వ్యాప్తి లేనిచోట గుర్తును చదవడం అనుమానం కాదు, ఊహ మాత్రమే. ఈ భేదానికి చార్మినార్ పరిసరాలే మంచి ఉదాహరణ. మక్కా మసీదు దగ్గరలోనే నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది. అక్కడ హకీం రోగి నాడిని వేళ్లతో చదువుతాడు. అదీ గుర్తులను చదివే విద్యే. నాడికీ రోగానికీ మధ్య ఆ వైద్యం చెప్పే సంబంధం ఎంతవరకు సరైనదన్నది వేరే చర్చ. కాని అది పరీక్షకు నిలబెట్టదగిన సంబంధం. రోగి వారం తర్వాత మళ్లీ వస్తాడు, మందు పనిచేయకపోతే ఆ విషయం హకీం ముందు కూర్చుంటుంది. కార్డుకూ అడిగిన మనిషి జీవితానికీ మధ్య అటువంటి సంబంధం ఉందని జోస్యుడు కూడా వాదించడు. చిలక తీసిందన్నదే అతని సమాధానం. ఫలం తప్పినవాడు తిరిగివచ్చి కార్డును నిలదీయడు. వచ్చినా చిలక మరో కార్డు తీస్తుంది.

అయినప్పటికీ విన్నవారిలో చాలామందికి ఆ ఫలం తమ గురించే చెప్పినట్లు అనిపిస్తుంది. దీనికి కారణాన్ని అమెరికన్ మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ 1948లో తన తరగతి గదిలోనే చూపించాడు. 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, దాని ఫలితంగా ఒక్కొక్కరికి విడిగా వ్యక్తిత్వ వివరణ ఇస్తున్నట్లు చెప్పి, అందరికీ ఒకే వివరణను అందించాడు. అందులోని వాక్యాలను జ్యోతిష పుస్తకం నుంచి ఏరుకొన్నాడు. అది తమకు ఎంత సరిపోయిందో 5 మార్కులకు వేయమంటే విద్యార్థులు వేసిన మార్కుల సగటు 4.26. నీవు పైకి ధైర్యంగా కనిపిస్తావు, లోపల దిగులు పడతావు అన్న వాక్యం ఎవరికి సరిపోదు? 'చేతికి వచ్చిన డబ్బు నిలవదు, నీ మేలు పొందినవారే నిన్ను మరిచారు' అని జోస్యుడు అన్నప్పుడు కాలిబాట మీద తల ఊపనివారు అరుదు. ఆ మాట అందరికీ వర్తిస్తుందన్న సంగతి తనకు వర్తిస్తున్న క్షణంలో ఎవరికీ తట్టదు.

ఇక్కడితో ఆగిపోతే ఈ విషయం మనస్తత్వశాస్త్రానికి సంబంధించినదవుతుంది, నీతిశాస్త్రానిది కాదు. జోస్యం అబద్ధమని నిరూపించడం వేరు, అది చెప్పడం తప్పని నిరూపించడం వేరు. చావుబతుకుల్లో ఉన్న మనిషితో నీకేమీ కాదు అనే బంధువు చెప్పేది కూడా తెలియని మాటే. అతణ్ని ఎవరూ అబద్ధాలకోరు అనరు. ఎందుకంటే ఆ వాక్యం వ్యాకరణంలో భవిష్యత్ కథనమైనా ప్రయోజనంలో ఆశీర్వచనం. 'దీర్ఘసుమంగళీ భవ' అన్న దీవెన నిజమా అబద్ధమా అని అడగడం ఎలా అసంగతమో ఇదీ అంతే.

ఈ భేదాన్ని ఇస్లామీయ సంప్రదాయం చాలా సూక్ష్మంగా గుర్తించింది. భవిష్యత్తు చెప్పే సోదెగాళ్ల దగ్గరికి వెళ్లడాన్ని, పక్షులు ఎగిరే దిక్కును చూసి దుశ్శకునం పట్టుకోవడాన్ని అది నిషేధించింది. ఆ దుశ్శకునానికి పేరు తియరా. అరబ్బీలో పక్షిని సూచించే ధాతువు నుంచే ఆ మాట పుట్టింది. సంస్కృతంలో శకునం నడిచిన దారిలోనే ఆ భాషలోనూ పక్షి నిమిత్తంగా మారింది. అదే హదీసు సంప్రదాయంలో ప్రవక్త తియరాను తిరస్కరించి, ఫాల్‌ను ఇష్టపడ్డాడని ఉంది. ఫాల్ అంటే ఏమిటని అడిగినప్పుడు అది ఒక మంచి మాట అన్న అర్థంలో జవాబు వచ్చింది. ప్రయాణానికి బయలుదేరినవాడి చెవిన పడిన శుభవచనం అతనికి నిబ్బరాన్ని ఇస్తుంది, దైవం మీద ఆశను పెంచుతుంది, ఏ పనినీ ఆపదు. దుశ్శకునం చేయదలచిన పనిని ఆపించి, మనిషిని భయానికి అప్పగిస్తుంది. తథాస్తు దేవతలు ఉంటారు, చెడు మాట అనవద్దు అని తెలుగు ఇళ్లలో పెద్దలు పిల్లలను కోప్పడటం వెనక ఉన్నదీ ఇదే ఎరుక. పాతబస్తీలో ఈ రెండు సంప్రదాయాలూ పక్కపక్కనే బతికాయి.

అయితే చిలక జోస్యాన్ని ఆశీర్వచనంగా భావించి నిర్దోషమని తేల్చడానికి ఒక అడ్డంకి ఉంది. బంధువు దీవెనకు బలం అతని ప్రేమ నుంచి వస్తుంది. కాలిబాట మీది అపరిచితుడు డబ్బు తీసుకొని నీకు మేలు జరగాలి అంటే ఎవరికీ ఊరట కలగదు. మేలు జరుగుతుందని కార్డులో వచ్చింది అన్నప్పుడే కలుగుతుంది. అంటే అతని మాట దీవెన పని చేస్తోంది, కాని దానికి కావలసిన బలాన్ని జ్ఞానం నుంచి అప్పు తెచ్చుకొంటోంది. ఆ అప్పు తీర్చే స్తోమత దానికి లేదు. విన్నవారు కూడా పూర్తిగా నమ్మరు, నమ్మీ నమ్మనట్లు వింటారు అన్న సమర్థన ఒకటి ఉంది, అందులో నిజం లేకపోలేదు. కాని సగం నమ్మకం సగం పనినైనా చేయిస్తుంది. అసలు సమస్య ఆ సగం దగ్గరే ఉంది.

గోల్కొండ ఫాల్‌నామా

తెలియనిదాన్ని అడిగే మనిషికి ఏమి చెప్పవచ్చునన్న ప్రశ్నకు ఈ నేల మీదే ఒక పాత సమాధానం ఉంది. లండన్‌లోని ఖలీలీ సేకరణలో ఉన్న ఒక చిత్రిత ఫాల్‌నామాను 17వ శతాబ్ది తొలి దశాబ్దాలలో గోల్కొండలో తయారైనదిగా కళాచరిత్రకారులు భావిస్తారు. చార్మినార్ కట్టి (1591) అప్పటికి ఇంకా ఎక్కువ కాలం గడవలేదు. అదే కాలానికి కాస్త అటూఇటూగా సఫవీ ఇరాన్‌లోనూ ఒట్టోమన్ ఆస్థానంలోనూ ఇటువంటి పెద్ద చిత్రిత శకున గ్రంథాలు తయారయ్యాయి. శుచిగా, ప్రార్థన చేసి, మనసులో ప్రశ్న తలచుకొని గ్రంథాన్ని ఎక్కడో ఒకచోట తెరవాలి. ఒక పుటలో ప్రవక్తల కథల నుంచో ఖగోళం నుంచో తీసుకొన్న చిత్రం, ఎదుటి పుటలో దాని ఫలం ఉంటాయి.

ఫాల్‌నామాల ఫలవచనాల తీరును చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. అవి జరగబోయేదాన్ని వర్ణించడం కన్నా, అడిగినవాడు ఏమి చేయాలో చెప్పడానికే ఎక్కువ చోటు ఇస్తాయి. ప్రయాణం మేలు చేస్తుంది, లేదా కొంతకాలం ఆగడం మంచిది, దానం చేయి, ప్రార్థన మరువకు, ఓర్పు పట్టు అన్న ధోరణిలో అవి నడుస్తాయి. ఫలం చెడుగా వచ్చినా దానికి విరుగుడు మనిషి నడవడిలోనే ఉంటుంది. భవిష్యత్తు గురించిన ప్రశ్నను వర్తమానంలోని ప్రవర్తన వైపు తిప్పడం అక్కడి రహస్యం. ఆ పుట తెరుచుకోవడం యాదృచ్ఛికమే. అయినా అందులో చెప్పిన ఓర్పు, దానం ఏ పుటలో వచ్చినా చెడిపోయేవి కావు. ఎటూ తేల్చుకోలేక నలిగిపోతున్న మనసుకు బయటి నుంచి ఒక తోపు కావాలి. ఆ తోపు మంచి వైపే ఉండేలా గ్రంథకర్త ముందే జాగ్రత్తపడ్డాడు.

పట్నాలోని ఖుదాబక్ష్ గ్రంథాలయంలో ఉన్న హాఫిజ్ దివాన్ ప్రతి ఒకటి దీనికి మరో ముఖాన్ని చూపుతుంది. హుమాయూన్, జహాంగీర్ దానితో ఫాల్ చూసుకొని అంచులలో తమ చేతిరాతతో వివరాలు రాసుకొన్నారు. ఏ సందర్భంలో తెరిచారో, ఏమి జరిగిందో నమోదు చేయడమంటే ఆ శకునాన్ని లెక్క చెప్పుకొనే స్థితిలో ఉంచడమే. నెరవేరినవాటినే రాసుకోవడానికి మనిషి ఇష్టపడతాడన్నది వేరే సంగతి. చక్రవర్తికి అంచు ఉంది, కలం ఉంది. కాలిబాట మీద అడిగినవారికి ఆ రెండూ లేవు.

బోనాల మరునాడు జరిగే రంగాన్ని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి ఆలయంలో పచ్చికుండ మీద నిలబడి పలికే భవిష్యవాణి ప్రసిద్ధం. పాతబస్తీలో హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయంలోనూ రంగం జరుగుతుంది. అక్కడి మాట ఏ ఒక్కరి పెళ్లికో ఉద్యోగానికో సంబంధించింది కాదు. అందరి ఎదుటా, ఏడాదికొకసారి, ఊరంతటినీ ఉద్దేశించి వచ్చే మాట. అందులో జోస్యం కంటే నిష్ఠూరం ఎక్కువ. నన్ను సరిగా చూడలేదని అమ్మవారు అలగడం, భక్తులు తప్పు ఒప్పుకోవడం, కాపాడతానని ఆమె మాట ఇవ్వడం ఆ సంభాషణ స్వరూపం. వానలు పడతాయన్నది వాతావరణ సూచనగా ఎవరూ వినరు.

ఎవరు చెప్పారు, ఎవరు నష్టపోయారు

తెలుగువారికి అత్యంత పరిచితమైన ఎరుక కథలో ఎరుక చెప్పినది స్వయంగా వరుడే. పద్మావతి దిగులుకు కారణం తెలియక ధరణీదేవి మథనపడుతుంటే, శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికి వచ్చి, పిల్ల మనసులో ఉన్నది ఎవరో, పెళ్లి ఎవరితో జరగాలో చెబుతాడు. భక్తులు ఈ కథను లీలగా విని ఆనందిస్తారు, అది సహజం. నీతి దృష్టితో చూస్తే ఇందులో జోస్యం స్వభావమంతా ఉంది. ఆ భవిష్యత్తు నిజం కావడానికి కారణం అది చెప్పబడటమే. చెప్పినవాడికి అందులో స్వప్రయోజనం ఉంది. ఆ సంగతిని వేషం దాచింది. కథలో వరుడు దేవుడు కనుక, పిల్ల మనసు ముందే అతని మీద ఉంది కనుక అందరికీ మేలే జరిగింది. వేషం వెనక ఉన్నది దేవుడు కానప్పుడు పరిస్థితి ఏమిటి?

ఒక సందర్భాన్ని ఊహించవచ్చు. పాతబస్తీలో ఎన్నో కుటుంబాల ఆశలు దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలతో ముడిపడి ఉన్నాయి. కొడుకును సౌదీ పంపడానికి ఏజెంటుకు డబ్బు కట్టాలా వద్దా అని తేల్చుకోలేని తల్లి ఒకామె చిలక ముందు కూర్చుందనుకుందాం. మంచి కార్డు వచ్చింది. నీళ్లు దాటిన కొడుకు ఇల్లు నిలబెడతాడు అని జోస్యుడు అన్నాడు. ఆమె వెళ్లి నగలు తాకట్టు పెట్టింది. ఆమె అడిగిన ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. పరాయి దేశంలో కొడుకు క్షేమంగా ఉంటాడా, తల్లిని మరవకుండా ఉంటాడా అన్నది ఒకటి. దాన్ని ఎవరూ ముందుగా చెప్పలేరు, ఎక్కడా విచారించలేరు. ఆ ఏజెంటుకు 1983 నాటి వలస చట్టం కింద నమోదు ఉందా, వీసా అసలైనదేనా అన్నది రెండోది. దానికి జవాబు ఉంది, కనుక్కొనే మార్గమూ ఉంది. మొదటి ప్రశ్నకు చెప్పిన మంచి మాట ఊతకర్ర లాంటిది. రెండో ప్రశ్నకు అదే మాట చెబితే తెరిచి ఉన్న తలుపును మూసినట్లు. మాట ఒక్కటే, పని మాత్రం రెండు రకాలు.

కనుక జోస్యుడి దోషాన్ని అబద్ధంలో వెతకడం సరికాదు. విచారించగలిగిన విషయాన్ని విచారించనవసరం లేదనిపించడమే అతని దోషం. ఇంత సూక్ష్మభేదం కాలిబాట మీది మనిషికి ఎలా తెలుస్తుందని అనవచ్చు. అతనికే బాగా తెలుస్తుంది. అడిగినవారి ముఖం చూసి ఏ దిగులుతో వచ్చారో పసిగట్టడమే అతని వృత్తి. 'కాగితాలు ఒకసారి తెలిసినవారికి చూపించమ్మా' అని ఫలంతో పాటు ఒక వాక్యం చేర్చడానికి అతనికి ఏ గ్రంథమూ అవసరం లేదు. ఫాల్‌నామా కర్త చేసినది అదే. ఇంతకు పూర్తిగా విరుద్ధమైన పద్ధతి కూడా ఉంది. దోషం ఉందని భయపెట్టి, దాన్ని తీసేసే తాయెత్తును అమ్మడం. మొదటిదానిలో మాట మేలుకు తోడుపడవచ్చు, పడకపోవచ్చు. రెండోదానిలో రోగాన్ని సృష్టించినవాడే మందు అమ్ముతాడు. ఈ రెంటినీ ఒకే నేరంగా చూసే హేతువాద విమర్శ తన గురిని తానే చెదరగొట్టుకుంటుంది.

చదువుకొన్నవారి తీర్పులో ఒక అసమానత కూడా లేకపోలేదు. 2001లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం జ్యోతిర్విజ్ఞాన శాఖలను ప్రోత్సహించాలని నిర్ణయించినప్పుడు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ వ్యవస్థాపక సంచాలకుడు పుష్పమిత్ర భార్గవ, మరికొందరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించారు. హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. 2004లో సుప్రీంకోర్టు కూడా విద్యావిషయాలలో నిపుణుల సంస్థ నిర్ణయాన్ని కాదనలేమన్న వైఖరితో అప్పీలును తోసిపుచ్చింది. మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న ఆ హైకోర్టు భవనానికీ చార్మినార్ కాలిబాటకూ మధ్య నడకదూరమే. లోపల ఒక విద్యకు విశ్వవిద్యాలయ ప్రవేశాన్ని కాదనడానికి కారణం కనిపించలేదు. బయట దాని పేద బంధువు మూఢనమ్మకంగానే ఉండిపోయింది. విశ్వవిద్యాలయ భవనాల శిలాఫలకాల మీది తేదీలను పంచాంగంతో పోల్చి చూస్తే, ముహూర్తం ఎవరి నమ్మకమో తేల్చడం మరీ కష్టమవుతుంది.

పంజరం

ఇంతవరకు జరిగిన చర్చంతా చెప్పినవాడికీ విన్నవారికీ మధ్య ఉన్న లావాదేవీ గురించే. గుడ్డ మీద మూడో ప్రాణి ఉంది. జోస్యానికి విశ్వసనీయత తెచ్చేది ఆ ప్రాణే. జోస్యుడే కార్డు తీస్తే ముఖం చూసి తీశాడని అనుమానించవచ్చు. చిలకకు వచ్చినవారి బట్టలు, కులం, కన్నీళ్లు తెలియవు. దానికి ఏ పక్షమూ లేదు. పక్షపాతం అన్న మాటలోని పక్షానికి రెక్క అన్న అర్థమూ ఉండటం ఇక్కడ ఒక చేదు చమత్కారం. ఈ పక్షి నిష్పాక్షికత దాని రెక్కలు కత్తిరించడం ద్వారా తయారైంది.

పంజరంలోని పక్షి చెప్పేది శకునమవుతుందా అన్న ప్రశ్న కొత్తది కాదు. రోమన్ సైన్యాలు పంజరాలలో కోళ్లను వెంట తీసుకువెళ్లి, వేసిన మేతను అవి ఆత్రంగా తింటే శుభమని భావించేవి. క్రీ.పూ. 44లో దివ్యసూచనల గురించి గ్రంథం రాసిన సిసిరో తాను స్వయంగా శకునాధికారి. అయినా ఆకలితో మాడిన పక్షిని పంజరంలో బంధించి, గింజలు విసిరి, అది తినడాన్ని దైవసంకేతం అనడంలోని వింతను ఎత్తిచూపాడు. స్వేచ్ఛగా ఎగిరే పక్షి దేవతల దూత కావచ్చునేమో కాని, బలవంతంగా రాబట్టిన సూచన సూచనే కాదన్నది అతని వాదన సారం. శకునమన్న మాట పుట్టుకలో ఉన్న అర్థానికి ఆ వాదన సరిగ్గా సరిపోతుంది. చిలక తీసిన కార్డు దైవం ఇష్టం కాదు, చిలక ఇష్టమూ కాదు. అది గింజ వేసేవాడు నేర్పిన అలవాటు.

మధ్య ఆఫ్రికాలోని అజాందే ప్రజల గురించి ఇవాన్స్ ప్రిచర్డ్ 1937లో ప్రచురించిన గ్రంథంలోనూ పక్షి ఉంది. అక్కడ కోడిపిల్లకు విషం పెట్టి, అది చస్తే ఒక జవాబు, బతికితే మరొకటి అని నిర్ణయిస్తారు. ఒక్క కోడితో తృప్తిపడక, ప్రశ్నను తిరగవేసి మరో కోడితో పరీక్షించి సరిచూసుకుంటారు. సత్యం పట్ల ఆ శ్రద్ధ పాతబస్తీ కార్డుల దగ్గర కనిపించదు. చంపడం మాత్రం ఇక్కడ లేదు. ఏది తక్కువ క్రూరమో తేల్చడం అనుకొన్నంత తేలిక కాదు. ఒక విషపు గుక్కతో ముగిసే బతుకునూ, ఏళ్ల తరబడి రెండడుగుల గుడ్డ మీద నడిచే బతుకునూ ఏ తూకంతో తూస్తారు?

ఈ విషయంలో తెలుగు జనస్మృతి తత్త్వవేత్తల కంటే కఠినంగా ఉంది. భద్రాచల రామదాసు గోల్కొండ చెరలో 12 ఏళ్లు మగ్గిపోవడానికి పూర్వజన్మలో ఒక చిలకను 12 ఏళ్లు పంజరంలో బంధించడమే కారణమని జనం చెప్పుకొంటారు. తానీషా పన్ను లెక్కలు చరిత్రకు సంబంధించినవి. జనానికి ఆ వివరణ చాలలేదు. రాముని కోసం గుడి కట్టిన భక్తుడికి సైతం పంజరం బాకీ మాఫీ కాలేదన్న ఈ కథలో, ఏడాదికి ఏడాది చెల్లుకు చెల్లు తీసుకోవడం చూస్తే, చిలక స్వేచ్ఛకు మనిషి స్వేచ్ఛతో సమానమైన విలువ కట్టిన లెక్క కనిపిస్తుంది. ఆ చెర చూపించే కోట నుంచి చార్మినార్ చాలా దూరమేమీ కాదు.

సాహిత్యంలో చిలకకు మరో పని కూడా ఉంది. తెలుగులో కదిరీపతి శుకసప్తతి, గోల్కొండ ఆస్థానంలో గవ్వాసీ 1639లో దక్కనీలో రాసిన తూతీనామా ఒకే సంప్రదాయపు కొమ్మలు. భర్త పరదేశం వెళ్లిన ఇంట్లో, రాత్రిపూట గడప దాటబోతున్న స్త్రీని చిలక కథతో ఆపుతుంది. తెల్లవారుతుంది, మరుసటి రాత్రి మరో కథ. ఈ చిలక భవిష్యత్తు చెప్పదు. నిర్ణయాన్ని ఒక రాత్రి వాయిదా వేయిస్తుంది, అంతే. నగలు తాకట్టు పెట్టబోయిన తల్లికి కావలసినది కూడా ఒక రాత్రి వ్యవధే. కాలిబాట చిలక ఆ వ్యవధిని ఇవ్వడానికి బదులు తొందరను ఇస్తుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. చట్టం దృష్టిలో కార్డులు, బొమ్మలు, ఫలం, తీసుకొన్న డబ్బు ఏవీ నేరం కావు, పక్షి ఒక్కటే నేరానికి ఆధారం. జోస్యుడి మాట నీతి గురించి ఏమీ తేల్చకుండానే చట్టం ఈ వృత్తి గుండెకాయను తాకింది. నిషేధం పడినచోట కొందరు కంప్యూటర్ జోస్యానికి మారారు. మీట నొక్కితే ఎర్రదీపాలు వెలిగి, చెవిలో పెట్టుకొన్న గొట్టంలో ఫలం వినిపిస్తుంది. యాదృచ్ఛికతకు పక్షి అవసరం లేదని దానితో రుజువైంది. అయితే యంత్రం చెప్పినదాన్ని జనం నవ్వుతూ విన్నారు, చిలక తీసిన కార్డును మాత్రం నవ్వకుండా అందుకొన్నారు. ప్రాణమున్నది తమ కోసం ఒక పని చేసిందన్న భావమే ఆ ఊరటలో పెద్దభాగమైతే, ఆ ప్రాణానికి ఆ పని తప్ప మరో దారి లేకపోవడం ఆ ఊరట ధరలో చేరుతుంది. కార్డు అందుకొనేవారు చెల్లించే డబ్బులో ఆ ధర లేదు. అటవీ సిబ్బంది పట్టుకొన్న చిలకను వెంటనే ఎగరవేయడం కూడా కుదరదు. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి మొలిచేదాకా, గింజ కోసం మనిషి చేతి వైపు చూసే అలవాటు పోయేదాకా, అది మరో పంజరంలో ఆగవలసిందే.